అరవై డాలర్ల పెట్టెలో అమెరికా అధ్యక్షులు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను, ఫొటోలు నాలుగుసార్లు చూశాను. డేటన్‌లో మీ వీధిలో ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టిన ఎస్టేట్ సేల్‌లో అరవై డాలర్లకు ఒక అట్టపెట్టె కొన్నారు. అందులో అమెరికా అంతర్యుద్ధంలో సేనాని, తర్వాత అధ్యక్షుడు అయిన గ్రాంట్ సంతకంతో ఆయన ఆత్మకథ రెండు సంపుటాలు, లింకన్ హత్య నాటి పేపరు ఒకటి, కెనెడీ హత్య నాటి పేపర్ల కట్ట, సిగార్ డబ్బా నిండా ఎన్నికల బ్యాడ్జీలు, అధ్యక్షుల జీవిత చరిత్రలు ఓ పది ఉన్నాయి. వీటికి విలువ ఉందా, ఈ సరదా కొనసాగించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా దాచాలి అని అడిగారు. కొంచెం తీరిగ్గా చెప్తాను.

నేను ఒహాయోకి వచ్చి ఇరవై నాలుగేళ్ళు, ఈ పిచ్చి పట్టి ఇరవై రెండేళ్ళు. మా ఆవిడ మా బేస్‌మెంట్‌ని 'మీ వైట్‌హౌస్' అంటుంది, మెచ్చుకోలుగా మాత్రం కాదు. అసలు విత్తనం హైదరాబాదులోనే పడింది. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. ఎండాకాలం అక్కడ చల్లగా ఉంటుందని వెళ్ళి కూర్చుని, చేతికందిన పుస్తకం తిరగేసేవాణ్ణి. తర్వాత ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అవే పేర్లు కనబడితే పదీ ఇరవై రూపాయలకు కొనడం మొదలైంది. ఇక్కడికొచ్చాక చూస్తే, ఏడుగురు అధ్యక్షులు పుట్టిన రాష్ట్రంలో వచ్చి పడ్డాను. ఇంకేముంది!

ముందు గ్రాంట్ సంగతి తేల్చేద్దాం, మీ టెన్షనంతా దాని మీదే ఉన్నట్టుంది. అది సంతకం కాదు, అచ్చు. ఆ పేజీలో ఈ సంపుటాలు అమెరికా సైనికుడికీ నావికుడికీ అంకితం అని చేతిరాత ఉండి, కింద ఆయన పేరు, న్యూయార్క్ నగరం, 1885 మే 23 అని ఉంటుంది. ఆయన రాసిన కాగితాన్ని అచ్చుదిమ్మె చేయించి ప్రతి కాపీలోనూ వేశారు. భూతద్దం పెట్టి చూడండి. కలంతో రాసిన గీతలో సిరా ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా ఉంటుంది. కలం మలుపు తిరిగిన దగ్గర సిరా కాస్త నిలబడి ముదురుగా కనిపిస్తుంది. రెండు గీతలు దాటుకున్న చోట ఏది పైది, ఏది కిందిది అన్నది తెలుస్తుంది. మీ ఫొటోలో మొదటి అక్షరం నుంచి తేదీ దాకా ఒకటే నలుపు.

బాధపడకండి, దాని వెనక కథ సంతకం కన్నా బాగుంటుంది. 1884లో వాల్‌స్ట్రీట్ భాగస్వామి చేసిన మోసానికి గ్రాంట్ చేతిలో చిల్లిగవ్వ మిగల్లేదు. అదే ఏడాది గొంతు క్యాన్సర్ బయటపడింది. భార్యాబిడ్డలకు ఏదైనా మిగల్చాలని మంచం పట్టిన మనిషి కూర్చుని రాశాడు. రాత ముగించిన కొద్ది రోజులకే, 1885 జులై 23న పోయాడు. మార్క్ ట్వేన్ తన సొంత ప్రచురణ సంస్థ తరఫున దాన్ని అచ్చు వేశాడు. కొట్లలో పెట్టి అమ్మలేదు. యుద్ధంలో పనిచేసిన పాత సైనికులు ఇంటింటికీ తిరిగి ముందే ఆర్డర్లు రాయించుకున్నారు. గుడ్డ అట్ట మొదలుకొని మేలురకం తోలు అట్ట దాకా ఎవరి తాహతు కొద్దీ వాళ్ళు ఎంచుకున్నారు. మూడు లక్షలకు పైగా సెట్లు అమ్ముడుపోయాయి. ఆయన భార్య జూలియాకు ట్వేన్ పంపిన ఒక్క చెక్కే రెండు లక్షల డాలర్లు.

మూడు లక్షల ఇళ్ళలోకి వెళ్ళిన పుస్తకం అరుదు ఎలా అవుతుంది? పైగా అది గ్రాంట్ పుస్తకం, ఎవరూ పారేయలేదు. మీ సెట్టులాంటిది, ఆకుపచ్చ గుడ్డ అట్ట, మూలలు కాస్త నలిగినది, నేను వంద డాలర్ల చుట్టుపక్కల చాలాసార్లు చూశాను. తోలు అట్టలవి ఎక్కువ పలుకుతాయి. నా మాట వింటే అమ్మకండి, చదవండి. అధ్యక్షులు రాసిన వాటిలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నన్ను కూర్చోబెట్టింది ఇదొక్కటే.

లింకన్ పేపరు మరీ సులువు. అది 1865 ఏప్రిల్ 15 నాటి న్యూయార్క్ హెరాల్డ్ అని మీరు రాశారు. ఆ సంచిక నకళ్ళు 19వ శతాబ్దం నుంచే గుట్టలుగా వేశారు, కొన్ని వ్యాపార ప్రకటనలకోసం, కొన్ని జ్ఞాపికలుగా. మీరు 'కాగితం బాగా పచ్చబడి, అంచులు ముట్టుకుంటే విరిగిపోతున్నాయి, కాబట్టి చాలా పాతదే' అన్నారు చూడండి, అక్కడే పొరపాటు. 1865లో పేపర్లు గుడ్డ పీలికల గుజ్జుతో చేసిన కాగితం మీద వేసేవాళ్ళు. ఆ కాగితం నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా మెత్తగా, దాదాపు తెల్లగా ఉంటుంది, మడిస్తే మడత పడుతుంది. చెక్క గుజ్జు కాగితం వచ్చాకే ఈ పచ్చబడటం, పెళుసెక్కడం మొదలైంది. అంటే ఎంత ముసలిదానిలా కనబడితే అంత అనుమానించాలన్నమాట. నా దగ్గరున్న 1864 నాటి పేపరు, 1974 నాటి పేపరు పక్కపక్కన పెడితే ఇంటికొచ్చినవాళ్ళు తాతను మనవడనుకుంటారు.

కెనెడీ పేపర్లు అసలువే. కానీ 1963 నవంబరు 23న అమెరికాలో పేపరు పారేసిన ఇల్లు లేదేమో! ప్రతి ఎస్టేట్ సేల్‌లోనూ ఆ కట్ట ఉంటుంది, అల్మారా పై అరలో, ప్లాస్టిక్ సంచీలో. ఆయన్ని కాల్చిన డల్లస్ ఊరి పేపర్లకు కాస్త గిరాకీ. మిగతావి ఐదూ పది డాలర్లు. ఆ హత్య మీద విచారణ చేసిన వారెన్ కమిషన్ నివేదిక, 1964లో ప్రభుత్వం అచ్చువేసిన 888 పేజీలది, మీ పెట్టె అడుగున కనబడింది. దాని సంగతీ అంతే.

ఈ సరదాకు ఒక్కటే మూలసూత్రం. పాతది కావడం వేరు, అరుదు కావడం వేరు. జనం పనిగట్టుకుని దాచినది ఎంత గొప్ప రోజుదైనా దొరుకుతూనే ఉంటుంది. దాచాలని ఎవరికీ తోచనిది, మర్నాడు చెత్తబుట్టలోకి పోయినది, అదే దొరకదు. గెలిచినవాడి ప్రమాణ స్వీకారం ఆహ్వానపత్రిక అందరూ ఫ్రేము కట్టించుకున్నారు. ఓడినవాడి జిల్లా సభ కరపత్రం ఎవరు దాచారు?

ఇప్పుడు సిగార్ డబ్బాకు వద్దాం, అసలు రసం అక్కడుంది.

మనం బ్యాడ్జీలంటాం, ఇక్కడి కలెక్టర్లు బటన్లంటారు. వెనక పిన్నుండే ఈ గుండ్రటి బ్యాడ్జీ 1896 ఎన్నికల్లో, మెకిన్లీకీ బ్రయన్‌కీ పోటీ జరిగినప్పుడు, ఊళ్ళ మీదికి వచ్చింది. న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే కంపెనీ పేటెంటు తీసుకుని లక్షల్లో చేసింది. తయారీ ఎలాగంటే, బొమ్మ అచ్చేసిన కాగితం, దాని మీద సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ పల్చటి పొర, రెండింటినీ రేకు బిళ్ళ మీద బిగించి అంచు వెనక్కి మడిచేవాళ్ళు. తర్వాత 1916, 1920 ప్రాంతాల్లో చవక పద్ధతి వచ్చింది. కాగితం లేదు, పొర లేదు, రంగు నేరుగా రేకు మీదే అచ్చు. ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. గోరుతో అంచు మీద మెల్లగా తట్టండి. సెల్యులాయిడ్ మొద్దుగా పలుకుతుంది, అచ్చు రేకు ఖణేల్‌మంటుంది. అద్దంలో చూసినట్టు కాస్త లోతుగా మెరిస్తే సెల్యులాయిడ్. గీతలు పడి కింద రేకు తళుక్కుమంటే అచ్చు రేకు.

అందుకని, 1916కు ముందటి అభ్యర్థి బొమ్మ నేరుగా రేకు మీద అచ్చయి కనబడితే రెండో ఆలోచన అక్కర్లేదు, నకలు. మీ డబ్బాలో అలాంటివి ఇరవై రెండు లెక్కపెట్టాను. మెకిన్లీ, థియొడర్ రూజ్‌వెల్ట్, టాఫ్ట్, విల్సన్, అందరూ కొత్త పెళ్ళికొడుకుల్లా మెరిసిపోతున్నారు. వాటి అంచు మడతను పక్కనుంచి భూతద్దంతో చూడండి. సన్నటి అక్షరాల్లో ఏ-ఓ-1972 అని ఉంటుంది. అమెరికన్ ఆయిల్ కంపెనీ ఆ ఎన్నికల ఏడాది వేసిన సెట్టు అది. 1968లో క్లీనెక్స్ టిష్యూలవాళ్ళూ ఇలాంటి సెట్టే వేశారు, వాటి అంచు మీద వాళ్ళ పేరుంటుంది. వాళ్ళు మోసం చేయలేదు, పిల్లల సరదాకోసం చేశారు. కానీ ఆ అంచు అరగదీసి, కాస్త తుప్పు పట్టించి అసలు ధరకు అమ్మేవాళ్ళు తయారయ్యారు. ఇలాంటివి పెరిగాకే 1973లో చట్టం తెచ్చారు. ఎన్నికల వస్తువుకు నకలు చేస్తే, చేసిన సంవత్సరం చెరిగిపోకుండా దాని మీద వేయాలి. ఆ ఇరవై రెండూ మీ పిల్లలకిచ్చేయండి, ఆడుకుంటూ అధ్యక్షుల పేర్లు నేర్చుకుంటారు.

మీరు ఫొటోలో ఓ మూలకు నెట్టేసిన రెండు చిన్నవి ఉన్నాయి, వాటి గురించి అడగనేలేదు. ఒకటి మెకిన్లీది. వెనకవైపు గుండ్రటి కాగితం అంటించి ఉంది, దాని మీద కంపెనీ పేరు, 1894, 1896 పేటెంటు తేదీలు. ఆ కాగితం చెక్కుచెదరకుండా ఉండటం అదృష్టం. మెకిన్లీ ఆ ఎన్నికలకు కాంటన్‌లో తన ఇంటి అరుగు దాటి ఊరూరూ తిరగలేదు, జనమే లక్షల్లో రైళ్ళెక్కి ఆయన అరుగు దగ్గరికి వచ్చారు. వచ్చినవాళ్ళ కోటుకు ఇలాంటివే ఉండేవి. బోలెడు చేశారు కాబట్టి ధర ఇరవై, ముప్ఫై డాలర్లకు మించకపోవచ్చు. అసలుది మాత్రం అసలుదే.

రెండోది, వేలిగోరు కన్నా కాస్త పెద్దది, కాక్స్ అని పేరు మాత్రమే ఉన్నది. దాన్ని చూడగానే నేను కుర్చీలో ముందుకు జరిగాను. 1920లో ఇద్దరు ఒహాయో పేపరు యజమానులు అధ్యక్ష పదవికి పోటీపడ్డారు. మేరియన్ ఊరి హార్డింగ్ రిపబ్లికన్, డేటన్ పేపరు నడిపిన జేమ్స్ కాక్స్ డెమొక్రాట్. కాక్స్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ కుర్రాడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. ఎలక్టోరల్ ఓట్లలో 404కు 127తో చిత్తుగా ఓడారు. డెమొక్రాట్ల దగ్గర డబ్బుల్లేక బ్యాడ్జీలు తక్కువ చేయించారు, ఓడాక దాచినవాళ్ళు ఇంకా తక్కువ. ఇద్దరి మొహాలూ కలిసి ఉన్న కాక్స్-రూజ్‌వెల్ట్ బ్యాడ్జీ ఈ లోకంలో కోహినూరు లాంటిది. అలాంటిదొకటి వేలంలో లక్ష డాలర్లు దాటింది. మీది అది కాదు, ఆశ పెట్టుకోకండి. పేరొక్కటే ఉన్నదానికి పదుల్లోనే ధర. అయినా మీ అరవై డాలర్లలో నేనైతే యాభై దానికే ఇచ్చేవాణ్ణి.

అదే ఎన్నికల్లో మూడో మనిషి సోషలిస్టు యూజీన్ డెబ్స్. మొదటి ప్రపంచ యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడినందుకు అట్లాంటా జైల్లో ఉండి పోటీ చేశాడు, తొమ్మిది లక్షల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నాడు. ఆయన బ్యాడ్జీ మీద 'అధ్యక్ష పదవికి ఖైదీ నంబరు 9653' అని ఉంటుంది. అది సంపాదించడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది, ఎంతకు కొన్నానో ఇంట్లో ఇప్పటికీ తెలియదు.

'ఓడినవాళ్ళవి అరుదు' అనగానే కొత్తవాళ్ళు గుడ్డి ఎద్దు చేలో పడ్డట్టు పడిపోతారు, అందుకే ఒక హెచ్చరిక. 1972లో అధ్యక్ష పదవికి నిలబడి ఓడిన డెమొక్రాట్ మెక్‌గవర్న్ పక్కన మొదట ఉపాధ్యక్ష అభ్యర్థి ఈగిల్టన్. ఆయన తన పాత మానసిక చికిత్స సంగతి బయటపడి పద్దెనిమిది రోజులకే తప్పుకున్నాడు. 'పద్దెనిమిది రోజుల బ్యాడ్జీ, రేపు బంగారం' అని దేశమంతా దాచేసుకుంది. ఫలితం, ఇవాళ అవి రెండు మూడు డాలర్లకు దొరుకుతాయి. దాచాలని అందరికీ తోచిందంటే కథ ముగిసినట్టే. ఇప్పటి ఎన్నికల టోపీలు, బ్యాడ్జీలు ఫ్యాక్టరీ కవరు విప్పకుండా దాచుకుంటున్నవాళ్ళను చూస్తే నాకు ఈగిల్టనే గుర్తొస్తాడు.

సంతకాల జోలికి మాత్రం మొదటి ఐదేళ్ళూ వెళ్ళకండి. నేను వెళ్ళాను. 2006లో ఒక పాతవస్తువుల సంతలో నాలుగు వందల డాలర్లు పోసి కెనెడీ సంతకం ఉన్న ఫొటో కొన్నాను. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఇచ్చినవాడూ అమ్మినవాడూ ఒక్కడేనని అప్పుడు బుర్రకు తట్టలేదు. రెండేళ్ళకు ఒక పెద్దమనిషి, ముప్ఫై ఏళ్ళుగా సేకరిస్తున్నాయన, మా ఇంటికొచ్చి దాన్ని చూసి ఏమీ మాట్లాడలేదు. మళ్ళీ వచ్చినప్పుడు ఒక పారదర్శక కాగితం మీద వేరే కెనెడీ సంతకం కాపీ తీసుకొచ్చి నా ఫొటో మీద పెట్టాడు. వంపు మీద వంపు, చుక్క మీద చుక్క, వెంట్రుకవాసి తేడా లేదు. మనిషన్నవాడు రెండుసార్లు ఒకేలా సంతకం చేయలేడు. అది ఆటోపెన్ యంత్రం గీసిన గీత. కెనెడీ ఆఫీసు దాన్ని తెగ వాడింది. అది కాకపోతే కార్యదర్శులు ఆయన చేతిరాతను అనుకరిస్తూ పెట్టిన సంతకాలు. ఆ ఫొటోను ఇప్పటికీ గోడకు ఉంచాను, ఫీజు కట్టిన రసీదులాగా.

ఇదేం కొత్త రోగం కాదు. ప్రభుత్వ భూముల పట్టాల మీద మొదట్లో అధ్యక్షుడే స్వయంగా సంతకం చేసేవాడు. భూములు పంచడం పెరిగి సంతకాలు వేలల్లోకి వెళ్ళేసరికి అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ చేతులెత్తేశాడు. 1833 మార్చిలో చట్టం చేసి ఆ పని ఒక కార్యదర్శికి అప్పగించారు. అప్పటి నుంచి పట్టా మీద అధ్యక్షుడి పేరూ, కింద కార్యదర్శి పేరూ రెండూ ఆ కార్యదర్శి చేత్తోనే ఉంటాయి. 'లింకన్ సంతకం చేసిన భూమి పట్టా' అని ఎవరైనా అమ్మజూపితే నవ్వి ముందుకెళ్ళండి. అధ్యక్షుడిగా ఉండగా చేసిన సంతకాల్లో అన్నిటికన్నా కరువు విలియం హెన్రీ హారిసన్‌ది. పాపం, 1841లో గద్దెనెక్కిన ముప్ఫై ఒక్క రోజులకే పోయాడు, సంతకం పెట్టడానికి టైమెక్కడిది. అటు చివర జిమ్మీ కార్టర్. ముప్ఫైకి పైగా పుస్తకాలు రాసి, వేలకొద్దీ కాపీల మీద ఓపిగ్గా సంతకాలు చేశాడు. సంతకమున్న పుస్తకం ఒక్కటైనా ఉండాలని మనసు లాగుతుంటే కార్టర్‌తో మొదలుపెట్టండి, జేబుకు చిల్లు పడదు.

పుస్తకాల సంగతి. మీ పది జీవిత చరిత్రల్లో ఏడు బుక్ క్లబ్ కాపీలు, అంటే క్లబ్బు సభ్యులకోసం చవకగా వేసినవి. ఎలా చెప్పానంటే, పై కవరు లోపలి మడతలో ధర లేదు. చేత్తో పట్టుకుంటే మామూలు ప్రతి కన్నా తేలిగ్గా, కాగితం నాసిగా ఉంటాయి. వెనక అట్ట కింది మూల వెలుతురుకు వాల్చి చూస్తే కొన్నిటికి రంగులేని చిన్న నొక్కు గుర్తు కనబడుతుంది. చదువుకోవడానికి దివ్యంగా పనికొస్తాయి, సేకరణకు కావు. కాపీరైట్ పేజీ అడుగున అంకెల వరసలో 1 ఉంటే మొదటి ముద్రణ అంటారు. మంచి సూత్రమే, కానీ రాండమ్ హౌస్ వాళ్ళు చాలా ఏళ్ళు మొదటి ముద్రణలో కూడా 2తోనే వరస వేసి, పక్కన ఫస్ట్ ఎడిషన్ అని రాసేవారు. అది తెలియక ఒక మంచి కాపీని నేను లైబ్రరీ సేల్‌లో వదిలేసి వచ్చాను. ఇరవయ్యో శతాబ్దపు పుస్తకానికి పై కవరు లేకపోతే ధర మూడొంతులు పోయిందనుకోండి.

ఇక్కడ కూడా సూత్రం అదే. ఒబామా మొదటి పుస్తకం 1995లో వచ్చినప్పుడు ఆయనెవరో లోకానికి తెలియదు. తక్కువ కాపీలు వేశారు, వాటిలో చాలావరకు చదివి పక్కన పడేసినవే. 2004లో డెమొక్రాటిక్ పార్టీ మహాసభలో ఆయన ఉపన్యాసం తర్వాత మళ్ళీ వేసిన కాపీలు ఎక్కడ చూసినా ఉన్నాయి. ఆ 1995 కాపీ శుభ్రమైన కవరుతో ఉంటే వందల డాలర్లు. అధ్యక్షుడయ్యాక వేసిన తోలు అట్టల బంగారు అంచుల ప్రతులకన్నా, కాకముందు ఎవరూ పట్టించుకోని ప్రతికే గిరాకీ.

నాకు ఇష్టమైనవి ఎన్నికల ఏడాదిలో హడావుడిగా రాయించి పంచిన ప్రచార జీవిత చరిత్రలు. పెద్ద రచయితలూ ఈ పని చేశారు. 1852లో ఫ్రాంక్లిన్ పియర్స్ గురించి ఆయన కాలేజీ స్నేహితుడు నథానియెల్ హాథార్న్ రాశాడు. 1860లో లింకన్ గురించి మా ఒహాయో కుర్రాడు విలియం డీన్ హావెల్స్ రాశాడు, లింకన్ ఒక కాపీలో తప్పులు తానే పెన్సిల్‌తో దిద్దాడు. గెలిచినవాళ్ళవి ఖరీదు. ఓడినవాళ్ళవి ఇప్పటికీ ఇరవై డాలర్లకు దుమ్ముకొట్టుకుని పడి ఉంటాయి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నారు. అధ్యక్షులందరినీ కూడబెట్టాలని మాత్రం అనుకోకండి. వాషింగ్టన్‌లో లింకన్‌ను కాల్చిన ఫోర్డ్స్ థియేటర్ ఎదురుగా ఉన్న కేంద్రంలో, ఆయన మీద వచ్చిన పుస్తకాలను నమూనాలుగా పేర్చి 34 అడుగుల ఎత్తు స్తంభం కట్టారు, అవి కూడా అన్నీ కావు. ఒక్క లింకన్‌కే అంత. ఒక చిన్న గడి గీసుకోండి, మీ జిల్లాయో, ఒకే ఎన్నికయో. నాది 1920, మా రాష్ట్రం.

తర్వాత ఇంకో చిన్న గడి కలిసింది, మనవాళ్ళది. 1956లో కాలిఫోర్నియా నుంచి గెలిచి అమెరికా కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు దలీప్ సింగ్ సౌంద్. 1960లో వచ్చిన ఆయన ఆత్మకథ పాత కాపీ ఒకటి పన్నెండు డాలర్లకు దొరికింది. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచినప్పుడు, అక్కడున్న మా బావమరిదికి ఫోన్ చేసి, పోలింగ్ మర్నాడే పెరట్లో పాతిన, గవర్నర్ అభ్యర్థి మూర్ పేరూ ఆవిడ పేరూ ఉన్న మూర్-మిల్లర్ బోర్డు పీకి దాచమన్నాను. ఇంకొకటి మాత్రం వెతుకుతూనే ఉన్నాను. క్లింటన్ 2000 మార్చి 24న హైదరాబాదు వచ్చాడు. మర్నాటి తెలుగు పేపర్లు, జిల్లా ఎడిషన్లతో సహా, కావాలి. లక్షల కాపీలు అచ్చయ్యాయి, మన ఇళ్ళలో ఒక్కటీ లేదు. అన్నీ నెలాఖరుకు కిలోల లెక్కన పాత పేపర్లవాడికి వెళ్ళి మిరపకాయ బజ్జీల పొట్లాలయ్యాయి. 2006 మార్చి 3న బుష్ వచ్చినప్పుడు నేను జాగ్రత్తపడి మా నాన్నకు ముందే చెప్పాను. ఆయన మూడు పేపర్లు దాచి, మంచి పేజీలు కనబడాలని వాటికి లామినేషన్ చేయించి పంపారు. ఏమంటాం!

కొనడానికి ఎస్టేట్ సేల్ చివరి రోజు వెళ్ళండి, సగం ధరకిస్తారు. లైబ్రరీ స్నేహితుల సంఘాలు పెట్టే సేల్‌లో ఆఖరి పూట సంచీకి ఇంత అని ఉంటుంది. ఒహాయోలోనే ఉన్నారు కాబట్టి స్ప్రింగ్‌ఫీల్డ్ పాతవస్తువుల సంత ఒకసారి చూడండి, కాళ్ళు నొప్పి పుడతాయి. ఈబేలో అడుగుతున్న ధర చూడకండి, అమ్ముడుపోయిన ధరలు చూపించే ఆప్షన్ నొక్కి అదే నమ్మండి. 1945 నుంచి నడుస్తున్న అమెరికన్ పొలిటికల్ ఐటమ్స్ కలెక్టర్స్ అనే సంఘం ఉంది, దాని సమావేశాలకు వెళ్తే పాత కాపులు నకళ్ళ జాతకాలన్నీ ఉచితంగా చెప్తారు. నా నాలుగు వందల డాలర్లు పోకముందే అక్కడికి వెళ్ళుంటే బాగుండేది.

ఇంకో మాట. పుస్తకం మీద గానీ కాగితం మీద గానీ లైబ్రరీ ముద్ర ఉండి, తీసేశామన్న రెండో ముద్ర లేకపోతే కొనేముందు ఆ లైబ్రరీకి ఫోన్ చేయండి. 2011లో బాల్టిమోర్‌లో అధ్యక్షుల వస్తువుల కలెక్టర్‌గా పేరున్న ఒకాయన దొరికిపోయాడు. లైబ్రరీల సిబ్బందికి కప్‌కేకులు పంచుతూ, కోటు లోపల ప్రత్యేకంగా కుట్టించుకున్న జేబుల్లో పాత పత్రాలు వేసుకుపోయేవాడు. ఏడేళ్ళ జైలు పడింది.

దాచడం గురించి క్లుప్తంగా. మెకిన్లీ, కాక్స్ బ్యాడ్జీలను తడిగుడ్డతో తుడవద్దు, దండం పెడతాను. మొదటి ఏడాది నేను అలాగే ఒక దానికి స్నానం చేయించాను. అంచు సందులోంచి నీళ్ళు సెల్యులాయిడ్ కిందికి వెళ్ళి, వారానికి బ్రయన్ గారి నుదుటి మీద టీ మరకలాంటిది తేలింది, ఇక పోదు. పొడి మెత్తటి గుడ్డ చాలు. లోపల దూది, పైన అద్దం ఉండే చదును పెట్టెలు దొరుకుతాయి, వాటిలో పెట్టండి. ఎండ తగలకూడదు, హీటరు దగ్గర్లో అసలొద్దు, పాత సెల్యులాయిడ్ త్వరగా అంటుకునే రకం. బేస్‌మెంట్ అయితే చెమ్మ లాగే మెషీన్ ఒకటి నడపండి. పేపర్లను ఆమ్లం లేని అట్టల మధ్య పరిచి పెట్టండి. సెలోటేప్, రబ్బరు బ్యాండు, లామినేషన్ వద్దు, మా నాన్నగారి పద్ధతి వద్దు.

ఆ పెద్దావిడ ఇల్లు ఖాళీ చేసి ఊరు వదలకముందే ఒకసారి వెళ్ళండి. సమోసాలో ఏవో పట్టుకెళ్ళండి, కూర్చోబెట్టి మాట్లాడించండి. కాక్స్ బ్యాడ్జీ ఎవరు పెట్టుకున్నారు, వాళ్ళ నాన్నా, తాతా, ఆయన డేటన్‌లో ఏం పనిచేసేవాడు, ఓడిపోయాక కూడా దాన్ని సిగార్ డబ్బాలో ఎందుకు ఉంచుకున్నాడు. ఆవిడ చెప్పిందంతా అదే రోజు తేదీ వేసి పెన్సిల్‌తో ఒక మంచి కాగితం మీద రాసి, బ్యాడ్జీతో పాటే పెట్టండి. రాశాక ఆ కాగితం ఫొటో నాకూ పంపండి, ధర కోసం కాదు, నా 1920 గడిలో డేటన్ కథ ఒక్కటీ లేదు.